లడ్డుగాడు కన్నాడు

"రెండూ మగవే సార్, గ్యారంటీ" అన్నాడు షాపువాడు. పాప పుట్టినరోజు హడావిడిలో ఆ రెండు హ్యామ్‌స్టర్లనీ, అదే పంజరంలో పెంచుకునే బొద్దు ఎలకల్ని, కొనేశాం. లడ్డుగాడు, బొండంగాడు అని పేర్లూ పెట్టేశాం. నెల తిరక్కుండానే మొన్న పొద్దున లడ్డుగాడు ఏడుగురిని కన్నాడు.

కన్న రోజే మళ్ళీ కడుపు నిలవొచ్చట. బొండంగాణ్ణి బకెట్‌లోకి మార్చాం. పిల్లల్ని మాత్రం రెండు వారాలు చేత్తో ముట్టకూడదట, మనిషి వాసన తగిలితే తల్లే తినేయొచ్చట. ఆ సంగతి చదివి ముగించానో లేదో, ఒక పిల్ల గూట్లోంచి జారి చక్రం పక్కన పడి ఉంది. కళ్ళు తెరవలేదు, ఒంటిమీద నూగైనా లేదు, ఉడకబెట్టిన పల్లీగింజంత ఉంది. చలికి తట్టుకోలేదు కాబట్టి గూట్లో పెట్టాలి. దానికి స్పూను వాడాలట, ముందు ఆ స్పూన్ని పంజరంలోని పొట్టులో బాగా రుద్దాలట.

"నా వంటింటి స్పూను ఎలకలకా?" అంది మా ఆవిడ. ఆవిడ స్నానానికి వెళ్ళగానే చేతికందిన స్పూను లాగాను. అది పోపుల డబ్బాలోది.

పొట్టులో రుద్ది వాసన చూశాను. ఇంగువ. మళ్ళీ రుద్దాను. ఇంగువే. ఇంగువ కట్టిన గుడ్డ అని పెద్దలు ఊరికే అనలేదు, స్పూనూ అంతే. లడ్డుగాడు అటు తిరిగి గింజలు నములుతున్నాడు, ఇదే సమయం. పిల్లని ఎత్తాను. అప్పుడు తట్టింది, మనిషి వాసన పోగొట్టబోయి నేను దానికి శుభ్రంగా తాలింపు పెట్టాను కదా! ఇది తల్లికి పిల్లలా కనిపిస్తుందా, పులిహోరలో పల్లీలా కనిపిస్తుందా? వెనక్కి తీద్దామా, ముందుకు పెడదామా అని స్పూను గాల్లో ఆపి ఆలోచిస్తుంటే చెయ్యి వణకడం మొదలైంది.

లడ్డుగాడు గిర్రున తిరిగి వచ్చాడు. స్పూన్లోంచి పిల్లని మొత్తంగా నోట్లో వేసుకున్నాడు.

"తినేసిందే!" అని నేను పెట్టిన కేకకి పాప ఏడుపు, తడి జుట్టుతో మా ఆవిడ, పై ఫ్లోర్ అంకుల్.

లడ్డుగాడు నింపాదిగా గూట్లోకి వెళ్ళి, బుగ్గ సంచిలోంచి పిల్లని తీసి మిగతా ఆరింటి పక్కన పడుకోబెట్టాడు. అవి పిల్లల్ని మోసేదే అలాగట. అందరూ నన్నే చూశారు, నా కంటే ఎక్కువ నా చేతిలో స్పూన్ని.

షాపువాడికి ఫోన్ చేసి కడిగేశాను. అంతా విని, "అవి మగవే సార్, మీరు ఏం తినిపించారు?" అన్నాడు. ఆ వెంటనే, "ఇంకో పంజరం కావాలా సార్?"

ఎంతకిస్తావని అడిగాను.