'నరకంలో ఓర్ఫియస్': ట్యూన్ మిగిలింది, చురక పోయింది

కాళ్లు ఎగరేసే క్యాన్‌క్యాన్ డాన్స్ అనగానే గుర్తొచ్చే ఆ పరుగుల ట్యూన్‌ను సంగీతకర్త జాక్ ఒఫెన్‌బాక్ క్యాన్‌క్యాన్ కోసం కట్టలేదు. 1858 అక్టోబర్ 21న పారిస్‌లోని బూఫ్ పారిజియెన్ థియేటర్‌లో మొదలైన 'నరకంలో ఓర్ఫియస్' అనే హాస్య ఆపరెట్టాలో (పాటలూ మాటలూ కలిసిన సంగీత నాటకంలో), దేవతలంతా నరకానికి దిగి చిందులేసే చోట అది వస్తుంది. తర్వాత క్యాబరేలు దాన్ని ఎత్తుకుపోయాయి. నాటకం మాత్రం ఆ ట్యూన్ వెనక మరుగున పడింది. నా బాధ అదే.

గ్రీకు కథలో ఓర్ఫియస్ చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్తాడు. ఇక్కడ మొగుడూ పెళ్లాలకు ఒకరంటే ఒకరికి పడదు. భార్య యూరిడీస్ చనిపోతే అతనికి పీడ వదిలినట్టుంటుంది, పాతాళ దేవుడు ప్లూటోతో వెళ్లిపోవడం ఆమెకూ ఇష్టమే. కానీ 'లోకాభిప్రాయం' అనే పాత్ర ఊరుకోదు. నలుగురూ ఏమనుకుంటారని బెదిరించి అతన్ని భార్య కోసం బయల్దేరదీస్తుంది. ప్రేమతో కాదు, పరువు కోసం ప్రయాణం! ఈ ఒక్క మలుపులోనే ఆనాటి పెద్దమనుషుల సంసారాలన్నీ బయటపడ్డాయి. దేవతల రాజు జూపిటర్ మీద తిరగబడే దేవతల పాటలో ఒఫెన్‌బాక్ 'మార్సెయేజ్' బాణీని కలిపాడు. అప్పటి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ప్రభుత్వానికి ఆ విప్లవగీతం గిట్టదు. అయినా 1860లో చక్రవర్తే వచ్చి ఈ నాటకం చూశాడు.

1859 ఫిబ్రవరిలో విమర్శకుడు జూల్ జానిన్ పవిత్రమైన ప్రాచీన సంస్కృతిని అపవిత్రం చేశారని పత్రికలో మండిపడ్డాడు. ఆ గొడవతో టికెట్లకు గిరాకీ ఇంకా పెరిగింది. తొలి విడతలోనే 228 ప్రదర్శనలు పడ్డాయి.

1874లో ఒఫెన్‌బాక్ తన గేతే థియేటర్ కోసం రెండంకాల నాటకాన్ని నాలుగంకాలకు పెంచాడు. బ్యాలేలు, భారీ కోరస్‌లు చేరాయి. డబ్బు బాగా వచ్చింది. కానీ కన్నుల పండగ ఎక్కువైన కొద్దీ వ్యంగ్యం పలచబడిందని నేను గట్టిగా నమ్ముతాను. చిన్న స్టేజీ మీద వేగంగా తగిలే మాట, యాభైమంది డాన్సర్ల మధ్య వినపడదు. అందులోనూ అప్పటికి ఆ నాటకం వెక్కిరించిన సామ్రాజ్యమే కూలిపోయి నాలుగేళ్లయింది.

చురక మళ్లీ తగలాలంటే లోకాభిప్రాయానికి నేటి ముఖం కావాలి. 1985లో లండన్‌లోని ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా ఆ పాత్రను బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ పోలికలతో నిలబెట్టింది. అప్పుడు అధికారంలో ఉన్నది ఆమే. అసలు ఆట అది! ఇకపై ఎవరు వేసినా 1858 నాటి చిన్న రూపాన్నే తీసుకుని, డాన్సర్లకంటే ముందు ఈ పాత్రకు తగిన నటిని వెతకాలి.