స్టేషన్లు, మ్యూజియాలు సరే, నడిచే దారేదీ?

బెంగళూరులో 2022లో విశ్వేశ్వరయ్య రైల్వే టెర్మినల్ తెరిచారు. ఏడు ప్లాట్‌ఫారాలు, ఏసీ హాలు, విమానాశ్రయం లాంటి హంగు. కానీ తెల్లవారుజామున బండి దిగిన మన ఊళ్లవాళ్లు పెట్టెలు మోసుకుంటూ బయటికొస్తే మెట్రో ఏదీ? బైయప్పనహళ్లి స్టేషన్ దాదాపు రెండు కిలోమీటర్లు. నడవడానికి ఎక్కువ, మీటరు మీద రమ్మంటే ఆటోకు తక్కువ. అందుకే బేరం.

కస్తూర్బా రోడ్డు సంగతి చూడండి. సైన్స్ మ్యూజియం, వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ, 2023లో తెరిచిన మ్యాప్ అనే కళలు, ఫొటోల మ్యూజియం, అన్నీ ఆ రోడ్డు మీదే. కబ్బన్ పార్క్ మెట్రోలో దిగి హాయిగా నడిచి వెళ్లగలగాలి. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. కానీ నగరంలో చాలాచోట్ల గేటు గేటుకీ దిగి ఎక్కాలి, మధ్యలో కరెంటు పెట్టె. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చక్రాల కుర్చీవాళ్లు ఏం కావాలి?

ముందు పలకలు పరిచి, తర్వాత కేబుల్‌కనీ పైపుకనీ తవ్వుతారు. పూడ్చిన మట్టి సరిగా దిమ్మిస చేయరు, మొదటి వానకే కుంగుతుంది. టెండర్‌ష్యూర్ అనే పద్ధతిలో బెంగళూరులోనే బాగుచేసిన కొన్ని రోడ్లలో పైపులకీ కేబుళ్లకీ కింద ముందే దారి వేసి, ఆపైన ఫుట్‌పాత్ కట్టారు. పద్ధతి తెలుసు, ఇదే ఊళ్లో చేసి చూపించారు కూడా. మిగతా రోడ్లకి ఎందుకు చేయరు?