నేను ట్యూనింగ్ చేసుకోవట్లేదండీ

నిన్న రాత్రి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ ఉగాది ఫంక్షన్. మా బావమరిది లీడ్ గిటార్, నేను రిథమ్, రెండో ఫ్లోర్ కుర్రాడు డ్రమ్స్. రిహార్సల్స్ గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

కల్చరల్ సెక్రటరీగారు లిస్టు చూసి, "రెండు గిటార్లెందుకండీ? ఒకటి తీసేస్తే టైమ్ కలిసొస్తుంది" అన్నారు. గిటార్ తీసేస్తే పాట ఎలా పొట్టిదవుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. బుర్రకథలో కథకుడు ఎగురుతాడు సరే, పక్కన "తందాన తాన" లేకపోతే వాడికి ఊపిరాడుతుందా? ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్‌లో తమ్ముడు ఆంగస్ స్కూల్ యూనిఫామ్ వేసుకుని స్టేజంతా గెంతుతుంటే, వెనక ఆంప్ దగ్గర నిలబడి పాటంతా మోసింది అన్న మాల్కమేనని ఓపిగ్గా చెప్పాను. "ఏసీకేం కంగారు లేదండీ, హాల్లో రెండున్నాయి" అన్నారాయన.

సరే, ఎక్కాం. సోలో వచ్చింది. బావమరిది కళ్లు మూసుకుని, మొదటి తీగను పైకి లాగి, లాగి, ఇంకా లాగి... టప్! మామూలు గిటారైతే మిగతా ఐదింటితో లాగించేవాడు. వీడిది స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి. ఒక తీగ తెగిందంటే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి. అది కొన్నప్పుడే వద్దురా అన్నాను. "బావా, నువ్వు ఆపకు" అని వాడు స్టేజి మీదే చతికిలబడి బ్యాగు వెతకడం మొదలుపెట్టాడు.

నేను ఆపలేదు. జి, డి, ఈ మైనర్, సి, అవే నాలుగు కార్డ్స్, ఒక్కోటీ నాలుగు దరువులు. మళ్లీ జి. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సు డ్రైవర్ ముఖం పెట్టుకుని, మళ్లీ డి. నిమిషానికి 120 దరువులు, నాలుగు నిమిషాలు. అంటే సరిగ్గా 30 చుట్లు! ఒక్క దరువు తప్పలేదు. 12వ చుట్టుకి పిల్లలు పులిహోర కౌంటర్ వైపు వెళ్లిపోయారు. 20వ చుట్టుకి ముందు వరసలో పెద్దావిడ చెయ్యెత్తి, ఎంతో దయగా, "తొందరేం లేదు బాబూ, శ్రుతి చేసుకోవడం అయ్యాకే మొదలుపెట్టు" అంది.

డ్రమ్స్ కుర్రాడు నవ్వాడు. నవ్వుతూ వాయించడం ఆపేశాడు, వెధవ.

31వ చుట్టు మొదట్లో బావమరిది లేచి "టుంయ్" మన్నాడు, ఒకే ఒక్క స్వరం. హాలంతా చప్పట్లు. మా ఆవిడ తీసిన వీడియోలో తమ్ముడు నిండుగా ఉన్నాడు. ఎడమ మూల ఆడుతూ కనిపించేది నా మోచెయ్యే.

పొద్దున లిఫ్ట్‌లో సెక్రటరీగారు కలిశారు. "నిన్న మీవాడు అదరగొట్టాడండీ! అన్నట్టు, మీ ట్యూనింగ్ చివరికి కుదిరిందా?"

మా ఫ్లాట్ ఎనిమిదో ఫ్లోర్. నేను మూడులోనే దిగిపోయాను.