సర్వర్ వయసు పరమ రహస్యం

సర్వర్ ఆన్ చేసి ఎన్నాళ్లయిందో పరాయివాళ్లకు తెలిస్తే ఎంత ప్రమాదమో సామాన్యులకు అంతుబట్టదు. అందుకే లోపాలు వెతికే స్కానర్ ఓపెన్‌వాస్ దాన్ని ‘టీసీపీ టైమ్‌స్టాంప్స్’ (కనెక్షన్ ప్యాకెట్ల మీద సర్వర్ వేసే టైమ్ ముద్ర) పేరుతో చిన్న లోపంగా రాస్తుంది. మరో స్కానర్ నెసస్ ‘సమాచారం’ అని ఓ మూలన పడేస్తుంది. ఆడిటర్ మాత్రం దానికి రంగులద్ది మొదటి పేజీకి తెస్తాడు. ఈ సత్సంప్రదాయాన్ని కొనసాగించదలచినవారి కోసం విధివిధానాలు ఇవీ.

ప్యాకెట్లు తయారుచేసి పంపే హెచ్‌పింగ్3 టూల్‌తో, సర్వర్‌లో తెరిచి ఉన్న పోర్టుకు టైమ్‌స్టాంప్ ఆప్షన్‌తో సిన్ ప్యాకెట్ (కనెక్షన్ కోరే తొలి ప్యాకెట్) పంపాలి. జవాబులో పది బైట్ల ఎనిమిదో రకం ఆప్షన్ ఉంటే, అందులో ‘టీఎస్‌వాల్’ అనే టిక్కుల లెక్క దొరుకుతుంది. అది 86,40,00,000 అనుకుందాం. పది సెకన్లాగి మళ్లీ అడిగితే 86,40,10,000 వచ్చింది. అంటే సెకనుకు వెయ్యి టిక్కులు. లెక్క సున్నా నుంచి మొదలైందనుకుని భాగిస్తే సర్వర్ లేచి సరిగ్గా పది రోజులు! శత్రువుకు ఇంతకన్నా ఏం కావాలి?

లెక్కలో చిన్న చిక్కుంది. ఈ 32 బిట్ల అంకె వెయ్యి టిక్కుల చొప్పున 49.7 రోజులకోసారి సున్నాకొస్తుంది. కాబట్టి ఏడాదిగా రీబూట్ ఎరగని, ప్యాచ్ అంటని సర్వర్ కూడా స్కానర్ కంటికి యాభై రోజుల పసికందే. పైగా 2017లో వచ్చిన లినక్స్ 4.10 నుంచి ఈ అంకెకు ర్యాండమ్ ఆఫ్‌సెట్ (ఊహకందని అదనపు అంకె) కలుస్తోంది. ఆ తర్వాతి చాలా వెర్షన్లలో అది రెండువైపుల ఐపీల జతను బట్టి తయారవుతుంది. ఒకే మెషీన్ నుంచి ఎన్నిసార్లు తట్టినా టిక్కులు ముచ్చటగా కుదురుతాయి, ఎన్‌మ్యాప్ స్కానర్ కూడా ధీమాగా అప్‌టైమ్ (ఆన్ చేసి ఎన్నాళ్లయిందో) చెప్పేస్తుంది. అది వట్టి కల్పన. రెండు వేర్వేరు ఐపీల నుంచి ఒకేసారి అడగాలి. అంకెలు దాదాపు ఒకటే అయితే గడియారం బయటపడ్డట్టు, పొంతన లేకపోతే ఫైండింగ్ కొట్టేయాల్సిందే. సర్వర్ ముందు లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని సర్వర్లకు పంచే యంత్రం) ఉంటే మనం కనుక్కున్నది దాని వయసు. ఇన్ని చూస్తే రిపోర్టు పలచబడుతుంది కనుక, చూడకపోవడమే ఆనవాయితీ.

పరిష్కారం ఒక్క వాక్యం: లినక్స్ సెట్టింగ్ ‘టీసీపీ_టైమ్‌స్టాంప్స్’ సున్నా చేయండి. విలువ 2 ఉంటే ఆఫ్‌సెట్ లేనట్టు, దాన్ని 1 చేస్తే సరిపోతుంది. కానీ సరిపోవడంలో గాంభీర్యం ఏముంది?

1992లో ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 1323 ఈ పది బైట్లను అలంకారానికి పెట్టలేదు. పది గిగాబిట్ల లింకు మీద, డేటా బైట్లకు వరసగా వేసే సీక్వెన్స్ నంబర్లు సుమారు 3.4 సెకన్లకే ఒక చుట్టు తిరుగుతాయి. దారి తప్పి ఆలస్యంగా వచ్చిన పాత ప్యాకెట్‌ను కొత్తదనుకోకుండా ఆపేది ఈ టైమ్‌స్టాంపే. సిన్ ప్యాకెట్లతో ముంచెత్తే సిన్ ఫ్లడ్ దాడి జరిగినప్పుడు సిన్ కుకీలు (కనెక్షన్ వివరాలను సర్వర్ తన దగ్గర ఉంచుకోకుండా జవాబులోనే దాచే పద్ధతి) విండో స్కేల్ (ఒక విడతలో పట్టే డేటా హద్దును పెంచే అంకె) వివరాన్ని దాచుకునేదీ ఇందులోని బిట్లలోనే. సున్నా చేశామంటే దాడి వేళ వచ్చే అసలు కస్టమర్లు 64 కేబీ విండోతో నత్తనడక నడుస్తారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నా, ఎలుకలు పోయిన మాట వాస్తవమే కదా.

దీని వరసకు తమ్ముడు ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) టైమ్‌స్టాంప్. రకం 13 ప్యాకెట్ పంపితే రకం 14తో, అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెబుతుంది. దీనికి లోపాల జాబితాలో సీవీఈ-1999-0524 అని బిరుదు కూడా ఉంది. ఫైర్‌వాల్‌లో ఆపితే నష్టం లేదు, ఆపండి. అదే సర్వర్ ప్రతి హెచ్‌టీటీపీ జవాబులోనూ ‘డేట్’ హెడర్‌తో సెకన్లతో సహా టైమ్ చాటుతోందని మాత్రం ఎక్కడా అనకండి. 2022 ఏప్రిల్ 28 నాటి కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు గడియారాలన్నీ ఎన్ఐసీ (ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సర్వర్లతో, లేదా వాటితో ముడిపడ్డ సర్వర్లతో కలిపి ఉంచమన్నాయి. మొత్తమ్మీద దేశమంతా ఒకటే టైమ్, ఎవరూ ఎవరికీ చెప్పకూడదు.

చివరగా రీటెస్ట్. ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌ టూల్‌లో సిన్-ఆక్ ప్యాకెట్ (సిన్‌కు సర్వర్ ఇచ్చే జవాబు) చూడండి, ‘టీఎస్ వాల్’ అన్న మాట కనబడకూడదు. మార్పును కాన్ఫిగ్ ఫైల్లో రాయకుండా కమాండ్‌తో సరిపెడితే రీబూట్ కాగానే పాత విలువ తిరిగొస్తుంది. అయినా ఫరవాలేదు, ఈ సర్వర్లను రీబూట్ చేసేదెవరు గనక!