అది వేల ఏళ్ల కళ కాదు, జన్‌గఢ్ కళ

గోండు బొమ్మలు ఇప్పుడు బ్యాగుల మీద, చీరల మీద, క్యాలెండర్ల మీద కూడా వస్తున్నాయి, జింక కొమ్ములు పెరిగి పెరిగి చెట్టయిపోయి వాటి మీద పిట్టలు వాలి ఉంటాయి చూడండి, అవే. కింద ఏమో వేల ఏళ్ల నాటి ప్రాచీన కళ అని రాసేస్తారు. నాకు అభ్యంతరం అక్కడే. కాగితం మీద ఈ తరహా బొమ్మ మొదలై యాభై ఏళ్లు కూడా కాలేదు, మొదలుపెట్టింది ఒక్క మనిషి, జన్‌గఢ్ సింగ్ శ్యామ్.

మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే పల్లె ఆయనది. ఆర్ట్ స్కూల్ గడప తొక్కలేదు, ఇంటి గోడల మీద బొమ్మలు వేసేవాడు. 1981 ప్రాంతంలో భోపాల్‌లోని భారత్ భవన్ అనే కళా కేంద్రం కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ ఊళ్లకి పంపిన కుర్రాళ్లు ఆ గోడ చూసి ఆగిపోయారు, అలా భోపాల్ చేరాడు, పోస్టర్ కలర్లు చేతికొచ్చాయి.

ఆయన ప్రధాన్. గోండులకి వాళ్ల వంశాల కథలు పాడి వినిపించేది ప్రధాన్లే, మన ఆదిలాబాద్‌లో కూడా రాజ్‌గోండుల దగ్గర కిక్రీ వాయిస్తూ పాడతారు. జన్‌గఢ్ వాళ్లవైపు ఆ వాయిద్యం బానా, దాని పాటతోనే నల్లమద్ది చెట్టులో ఉండే గోండుల పెద్ద దేవుడు బడాదేవ్‌ని లేపుతారు. తరతరాలుగా చెవితో విన్న ఆ దేవుళ్లని కాగితం మీద ఎలా చూపించాలో ఆయనకి చెప్పినవాళ్లు లేరు, తనే తేల్చుకున్నాడు. దగ్గరికెళ్లి చూస్తే ఆ బొమ్మల ఒళ్లంతా చుక్కలు, వరసలు వరసలుగా, పచ్చబొట్టు పొడిచినట్టే ఉంటాయి. ఇది పూర్తిగా సొంత బుర్ర, ఇంకో మాట లేదు.

1989లో పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే పెద్ద ఆర్ట్ మ్యూజియంలో ఎగ్జిబిషన్ దాకా వెళ్లాడు. అయినా జానపదం, గిరిజనం అన్న ముద్ర పోలేదు, ఆ ముద్ర ఉన్నంతకాలం సిటీ ఆర్టిస్టుకిచ్చే రేటు ఇవ్వరు, కూలి లెక్కే కడతారు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంలో నెల జీతానికి బొమ్మలేస్తూ అక్కడే ప్రాణం తీసుకున్నాడు, నలభై ఏళ్లు కూడా నిండలేదు. తర్వాత 2010లో న్యూయార్క్ వేలంలో ఆయన సాలీడు బొమ్మ ఒక్కటే 31,250 డాలర్లకి పోయింది, ఇది చదివిన ప్రతిసారీ కడుపు మండుతుంది నాకు.

ఆయన చుట్టాలు, ఊరివాళ్లు ఎంతోమంది అదే దారిలో ఆర్టిస్టులయ్యారు, భజ్జు శ్యామ్‌కి 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఈ శైలికి జన్‌గఢ్ కలం అన్న పేరు ఎప్పట్నుంచో ఉంది. బ్యాగు మీద ఆ రెండు మాటలు అచ్చేయడానికి ఎంత ఖర్చవుతుంది?