ఓసీ గుంత పూడుతుందనీ, భూమి తిరిగొస్తుందనీ నమ్మకండి

భూపాలపల్లి నుంచి మంచిర్యాల దాకా ఎక్కడ కొత్త ఓసీ (ఓపెన్‌కాస్ట్, అంటే భూమిని పైనుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గని) మాట వచ్చినా ఫోన్లలో ఒకే తీరు మెసేజ్ తిరుగుతుంది. "బొగ్గు తీశాక గుంత పూడ్చేస్తారు, చెట్లు నాటుతారు, భూమి మళ్లీ రైతుకే ఇస్తారు. ఎట్లాగూ పర్మిషన్ వచ్చేదే, ప్రజాభిప్రాయ సేకరణకు పోయి లొల్లి చేయడం దండగ" అని దాని సారం. భూమి పోయే ఇంట్లో ఈ మాట నమ్మితే నష్టం తరాలకు ఉంటుంది. అందుకే ఒక్కో ముక్కకూ జవాబు రాస్తున్నా.

"గుంత పూడ్చేస్తారు." కొంత పూడుస్తారు, మొత్తం కాదు. బొగ్గు బయటికి పోయింది కాబట్టి మట్టి చాలక గుంత మిగులుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే సంగతి వేరే. మన దగ్గర టన్ను బొగ్గు కోసం ఐదారు క్యూబిక్ మీటర్ల మట్టీ రాయీ ఎత్తే గనులున్నాయి. ఆ టన్ను బొగ్గు ఉన్న చోటు ముప్పావు క్యూబిక్ మీటరు కూడా ఉండదు. పైగా బ్లాస్టింగ్‌కు పగిలిన రాయి పొంగి ఎక్కువ జాగా తీసుకుంటుంది. మట్టికి కొరత లేదు, అది పోసిన చోటే సమస్య. గని మొదలైనప్పుడు లోపల పోయడానికి జాగా ఉండదు, అందుకే తొలి ఏళ్ల ఓబీ (బొగ్గు మీద ఉండే మట్టీ రాయీ) అంతా బయట గుట్టగా పోస్తారు. బొగ్గు పొర ఏటవాలుగా దిగుతుంది కాబట్టి పని ముందుకు పోయేకొద్దీ గుంత లోతవుతుంది. వెనక నింపుకుంటూ వచ్చినా చివరి కోత, డంపర్లు దిగే దారి తెరిచే ఉంటాయి. వాటిని నింపాలంటే బయటి గుట్టను మళ్లీ తవ్వి మళ్లీ మోయాలి. బొగ్గు అమ్మకం ఆగాక ఆ ఖర్చు ఎవరు పెడతారు?

గని మూసివేతకు ముందే డబ్బు కట్టిస్తారు కదా అంటారు. నిజమే. 2009లో కేంద్ర బొగ్గు శాఖ ఓసీలకు హెక్టారుకు 6 లక్షల చొప్పున ఎస్క్రో ఖాతాలో (షరతుల మీదే డబ్బు తీయగలిగే ప్రత్యేక ఖాతాలో) వేయాలని పెట్టింది, తర్వాత ఆ రేటు పెంచింది కూడా. కానీ ఆ డబ్బు ఆమోదించిన మూసివేత ప్లానులో ఉన్న పనులకే. ప్లానులో 'నీటి గుంత' అని రాసి ఉంటే గుంత గుంతగానే ఉంటుంది. రామగుండం దగ్గర మూతపడ్డ మేడిపల్లి ఓసీలో పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసే) ప్రాజెక్టు పెడతామని సింగరేణే ప్రకటించింది. పూడ్చేసే గుంతలో అట్లాంటి ప్రాజెక్టు ఎవరూ తలపెట్టరు.

"చెట్లు నాటుతారు." నాటుతారు. పాత ఓబీ గుట్టలు కొన్ని ఇప్పుడు పచ్చగా ఉన్నాయి, ఆ కూలీల కష్టాన్ని నేను తక్కువ చేయను. అయితే చెట్టు బతకడం వేరు, పొలం తిరిగి రావడం వేరు. ఆ గుట్టలో ఎక్కువ ఉన్నది ఇసుకరాయి ముక్కలే. పిడికిట పడితే గట్టిపడదు, జారిపోతుంది. పెద్ద వాన పడితే గుట్ట వాలు కోసుకుపోయి ఆ ఇసుక కింది మడిలో మేట వేస్తుంది. గుట్ట చుట్టూ కాలువ, అడుగున గోడ, ఒండ్రు ఆగే గుంట ఉండాలని, వాలు 28 డిగ్రీలు దాటొద్దని అనుమతి పత్రాల్లో రాసేది అందుకే. అన్నిటికన్నా ముఖ్యం పైమట్టి. దాన్ని విడిగా తీసి, విడిగా ఉంచి, చదును చేసిన చోట పరచాలి. ఓబీలో కలిపేశారంటే వరి పండిన ఆ రేగడిని ఎన్ని కోట్లు పెట్టినా తేలేరు.

నీళ్ల సంగతి ఆ మెసేజ్ ఎత్తనే లేదు. మన బొగ్గు పొరల మీద ఉన్న ఇసుకరాయే బోర్లకు నీళ్లిచ్చే పొర. గుంతలోకి ఊరే నీటిని రాత్రింబవళ్లు తోడేస్తుంటే చుట్టుపక్కల మట్టం దిగిపోతుంది. బావుల మట్టం ఏడాదికి నాలుగుసార్లు కొలవాలన్నది మామూలు షరతే. మీ ఊళ్లో ఏ బావి కొలుస్తున్నారో అడిగారా?

"భూమి మళ్లీ రైతుకే." ఇది పచ్చి అబద్ధం. భూసేకరణ చట్టం కింద తీసుకున్నా, 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకున్నా పట్టాదారు హక్కు పోతుంది. తవ్వేసిన భూమిని పాత రైతుకు తిరిగిచ్చి తీరాలని ఆ రెండింటిలో ఎక్కడా లేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ బొగ్గు తీసేసిన భూముల మీద ఒక విధానం తెచ్చింది. 1957 చట్టం కింద సేకరించిన ఆ భూములను వేరే పనులకు లీజుకివ్వొచ్చు, యాజమాన్యం మాత్రం ప్రభుత్వ బొగ్గు కంపెనీదేనని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి పరిహారం మాట్లాడేటప్పుడు భూమి శాశ్వతంగా పోతోందన్న లెక్కతోనే మాట్లాడాలి.

"పోవడం దండగ." ఓటింగ్ లేదు, ఊరంతా వద్దన్నా అనుమతి రావచ్చు, అది నిజం. అయినా పోవాలి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఈ ప్రజాభిప్రాయ సేకరణ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, గని వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే ముసాయిదా నివేదికను పంచాయతీలో, కలెక్టరేట్‌లో చూడటానికి ఉంచాలి, తెలుగు సారాంశం ఇవ్వాలి. కోరం (కనీసం ఇంతమంది రావాలన్న లెక్క) అక్కర్లేదు. అంటే మీరు పోకపోతే అది ఆగదు, మీ మాట లేకుండా ముగుస్తుంది. కొన్ని షరతుల మీద తర్వాతి విస్తరణలకు మళ్లీ విచారణ పెట్టకుండానే బొగ్గు గనులకు అనుమతిచ్చే వెసులుబాటు వచ్చింది గనక మొదటి విచారణే చివరిది కావచ్చు. చివరి గుంత ఎన్ని హెక్టార్లు, పైమట్టి ఎక్కడ పోస్తారు, ఏ బావులు కొలుస్తారు అని కాగితం మీద రాసి ఇవ్వండి. ప్రతి ప్రశ్నకూ కంపెనీ జవాబు తుది నివేదికలో రావాలి. విచారణ అయిపోగానే లేచి రాకండి. మాట్లాడిన విషయాలన్నీ అదే రోజు అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. మీరు అడిగింది అందులో లేకపోతే, కలెక్టర్ సంతకం పడేలోపే రాయించండి.