వంద అడుగుల చరిత్ర

మా అమ్మాయి పదకొండో తరగతి. అమెరికా చరిత్రలో పరిశోధన వ్యాసం రాయాలి. ఐదు ఆధారాలు కావాలి, రెండు ఆ కాలంలోనే పుట్టినవై ఉండాలి, వికీపీడియా పనికిరాదు, కనీసం ఒకటి ఇంటర్నెట్‌లో దొరకనిదై ఉండాలి అని టీచరుగారి కాగితం.

విషయం నేనే చెప్పాను: భగత్ సింగ్ థిండ్. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. ఆయన తెల్లవాడు కాదు కనుక పౌరసత్వానికి తగడని 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు తేల్చింది. కాకేసియన్ (అప్పటి జాతుల లెక్కలో ఐరోపా వాళ్లుండే జాతి) అని పండితులు ఒప్పుకున్నా, సామాన్యుడి దృష్టిలో తెల్లవాడు కాదట. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండే, మూడు నెలల ముందు జపాన్ నుంచి వచ్చి పౌరసత్వం అడిగిన ఒజావాతో, ఒంటిరంగు తెల్లగా ఉంటే చాలదు, కాకేసియన్ అయి ఉండాలన్నారు. గ్రీన్‌కార్డు వరసలో పదకొండేళ్లుగా నిలబడ్డ నాకు ఈ తర్కం కొత్తగా అనిపించలేదు.

మొన్న శనివారం లైబ్రరీకి వెళ్లి, తీర్పు వచ్చిన నెల పత్రికల మైక్రోఫిల్మ్ (పేజీలను చిన్నగా ఫోటో తీసి ఉంచిన ఫిల్మ్) చుట్ట అడిగి తీసుకున్నాను. ఎక్కించడం చూపిస్తానని లైబ్రేరియన్ అన్నారు. అక్కర్లేదన్నాను. నేను ఇంజనీరుని.

తెర మీద అక్షరాలు కుడి నుంచి ఎడమకు వచ్చాయి. వందేళ్ల కిందటి అచ్చు ఇలాగే ఉండేదేమో అనుకుని, టోపీల ప్రకటన ఒకటి పావుగంట కూడబలుక్కుని చదివాను. ఫిల్మ్ తిరగేసి పెట్టానని పక్క యంత్రం దగ్గర కూర్చున్న పెద్దాయన చెప్పేదాకా తెలియలేదు. ఆయన తన ముత్తాత ఏ ఓడలో వచ్చాడో వెతుక్కుంటున్నారు.

సరిచేసి, ఫిబ్రవరి ఇరవయ్యో తేదీకి త్వరగా చేరాలని మీట చివరిదాకా తిప్పాను. చుట్ట బుస్సుమంది. అవతలి ఇరుసుకు కొస సరిగా తగిలించలేదు కాబోలు, ఫిల్మంతా నా ఒళ్లోకి, ఒళ్లోంచి నేలమీదికి జారింది. వంద అడుగుల చుట్ట! చిన్నప్పుడు మా ఇంట్లో పాటల క్యాసెట్ టేపు ఇలాగే బయటికి వస్తే, నాన్న పెన్సిలు పెట్టి ఓపికగా తిప్పేవారు. జేబులో పెన్సిలు ఉంది కూడా. అయితే ఇది పెన్సిలుకు లొంగే సరుకు కాదు. లేవబోతే కొస నా బూటుకు, మధ్యభాగం పెద్దాయన కుర్చీ చక్రానికి చుట్టుకుని, మా ఇద్దరికీ కొంగుముడి వేసినట్టయింది. ఆయన మర్యాదస్థుడు, కదలలేదు. లైబ్రేరియన్ తెల్ల చేతి తొడుగులు వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉంది.

ఇంటికి వస్తే అమ్మాయి తీర్పు ప్రతి ముందు పెట్టుకుని కూర్చుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉచితం, సుప్రీంకోర్టు తీర్పుల 261వ సంపుటం, 204వ పేజీ.

"మరి ఇంటర్నెట్‌లో దొరకనిది?" అన్నాను.

"టీచరుని అడిగాను నాన్నా. అది పాత కాగితంలోదట, తీసేయడం మర్చిపోయారట."

నిన్న పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి తననే పంపాను. ఆ యంత్రం మీద కొత్తగా ఒక నోటీసు అంటించారట: "సిబ్బంది సహాయం లేకుండా ముట్టుకోరాదు." కింద తేదీ కూడా వేశారట, శనివారంది.